కాన్పు గదిలో డౌలా: తోడుండే పద్ధతి

డౌలా అంటే కాన్పు సమయంలో గర్భిణికి తోడుండే మనిషి, కాన్పు చేసే మనిషి కాదు. లోపలి పరీక్ష చేయడం, బిడ్డ గుండె చప్పుడు చూడడం, మందులివ్వడం డాక్టరు, మిడ్‌వైఫ్, నర్సుల పని. అయితే వారు ఒకేసారి పలువురిని చూసుకోవాలి, షిఫ్టు ముగిస్తే మారిపోతారు. మొదటి నొప్పుల నుంచి బిడ్డ పుట్టేదాకా పక్కనే ఉండే మనిషి ఒకరు కావాలి; ఆ లోటును తీర్చడమే డౌలా పని. సేవకురాలు అనే అర్థమున్న ఈ గ్రీకు మాటను 1970లలో మానవశాస్త్రవేత్త డానా రాఫేల్ బాలింతకు ఆసరాగా నిలిచే స్త్రీకి వాడారు. తర్వాత అది కాన్పులో తోడుండేవారికి కూడా స్థిరపడింది. 15,000 మందికి పైగా స్త్రీలపై జరిగిన పరిశోధనలను కలిపి చూసిన 2017 నాటి కాక్రేన్ (వైద్య పరిశోధనలను సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష, ఇలా ఎడతెగని తోడు దొరికినవారిలో సహజ కాన్పులు ఎక్కువగా, సిజేరియన్లు, నొప్పి మందుల వాడకం తక్కువగా ఉన్నట్లు గుర్తించింది.

పని నెలలు నిండకముందే మొదలవుతుంది. డౌలా ఒకటి రెండుసార్లు ఇంటికి వెళ్లి, గర్భిణికి దేనివల్ల భయమో, దేనివల్ల మనసు కుదుటపడుతుందో, గదిలో ఎవరుండాలని కోరుకుంటున్నదో అడిగి తెలుసుకోవాలి. కోరికలను ఒక్క కాగితంలో రాయించడం మంచిది. నాలుగు పేజీలు రాస్తే హడావుడిలో ఉన్న నర్సు చదవరు. ఆసుపత్రి ఎంతమందిని లోపలికి అనుమతిస్తుందో ముందే కనుక్కోవాలి. ఒక్కరినే అనుమతించే చోట ఆ ఒక్కరూ భర్తో తల్లో అయితే, డౌలా తనకు తెలిసిన పద్ధతులను వారి చేతులకు ముందుగానే అలవాటు చేయాలి.

నొప్పులు మొదలైన తొలిగంటల్లో చేయవలసింది తక్కువ. ఆసుపత్రివారు వద్దని చెప్పకపోతే గర్భిణి తేలికగా తినవచ్చు, తాగవచ్చు, వీలైతే నిద్రపోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల ప్రకారం గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే చురుకైన దశ మొదలవుతుంది. తొలి కాన్పులో అక్కడికి చేరడానికే చాలా సమయం పట్టవచ్చు. అయితే రక్తస్రావం, ఆకుపచ్చగా పోయే ఉమ్మనీరు, బిడ్డ కదలికలు తగ్గడం, తీవ్రమైన తలనొప్పి వంటివి కనిపిస్తే డౌలా సొంత అభిప్రాయం చెప్పకుండా వెంటనే ఆసుపత్రికి పంపాలి.

నొప్పులు జోరందుకున్నాక చేతులకు పని పడుతుంది. చాలామందికి నడుము కింది భాగం విరిగిపోతున్నట్లు ఉంటుంది. అప్పుడు గర్భిణిని మోకాళ్ల మీద ఉంచి, మంచం అంచుకు గానీ దిండ్ల దొంతరకు గానీ ఆనుకుని ముందుకు వంగనివ్వాలి. డౌలా ఆమె వెనుక నిలిచి, వెన్ను చివర ఉన్న బల్లపరుపు ఎముక మీద అరచేతిలో మణికట్టు దగ్గరి గట్టి భాగాన్ని ఆనించి, మోచేయి వంచకుండా తన శరీర బరువుతో నొక్కాలి. భుజబలంతో నొక్కితే పావుగంటకే చేయి పడిపోతుంది. నొప్పి మొదలవుతుండగా నొక్కడం మొదలుపెట్టి, అది తగ్గేదాకా ఒత్తిడిని సమంగా నిలపాలి. “ఇంకాస్త కిందికా? ఇంకా గట్టిగానా?” అన్న ప్రశ్నలు నొప్పి ఆగినప్పుడే అడగాలి. చోటు కుదిరాక భర్త చేతిని అక్కడే పెట్టించి తాను పక్కకు తప్పుకోవాలి. భర్తను ప్రేక్షకుడిగా కూర్చోబెట్టే డౌలా పని సగమే తెలిసినవారని నా అభిప్రాయం. నొప్పికీ నొప్పికీ మధ్య ఒక గుక్క నీళ్లు, బిగిసిన దవడను వదులు చేయమని ఒక మాట, అప్పుడప్పుడు భంగిమ మార్పు, గంటకో రెండు గంటలకో మూత్రవిసర్జన గుర్తుచేయడం, ఇవన్నీ చప్పుడు లేకుండా సాగాలి. ముట్టుకోవద్దంటే నొచ్చుకోకుండా చేయి తీసేయాలి.

ముఖద్వారం పూర్తిగా తెరుచుకునే ముందు చాలామందికి వణుకు, వాంతి వస్తాయి, “నా వల్ల కాదు” అన్న మాటా వస్తుంది. ఇంకెంతసేపో ఎవరూ చెప్పలేరు కనుక “అయిపోవచ్చింది” అని మాట ఇవ్వకూడదు. “ఈ ఒక్క నొప్పి దాటుదాం” అంటే చాలు. ఆమె ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుము దగ్గర వెన్నులో ఇచ్చే మత్తుమందు) కోరితే డౌలా అడ్డుపడకూడదు. మత్తు ఎక్కాక కూడా నర్సు సాయంతో పక్కలు మార్పించడం, మోకాళ్ల మధ్య దిండు పెట్టడం మిగిలే ఉంటాయి.

డాక్టరు ఏదైనా చేయాలన్నప్పుడు డౌలా కుటుంబం తరఫున జవాబు చెప్పకూడదు. అత్యవసరం కాకపోతే, ఇది ఎందుకు, లాభనష్టాలేమిటి, వేరే దారి ఉందా, కాసేపు ఆగితే ఏమవుతుంది అని అడగవచ్చని వారికి గుర్తుచేయాలి. అత్యవసరంగా సిజేరియన్‌కు తీసుకెళ్తే, బయట మిగిలినవారి దగ్గరే ఉండాలి.

బిడ్డ పుట్టాక, ఇద్దరూ బాగుంటే, తల్లి ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టడం, బొడ్డుతాడును కనీసం ఒక నిమిషం ఆగి బిగించడం, తొలిగంటలో ముర్రుపాలు పట్టడం ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే పద్ధతి. ఆ గంటలో డౌలా కుటుంబానికి చోటిచ్చి వెనక్కు తగ్గాలి. కొన్నాళ్లకు మళ్లీ ఇంటికి వెళ్లినప్పుడు, బాలింతకు గుర్తులేని గంటల గురించి ప్రశ్నలుంటాయి: “నేను అంతగా అరిచానా? అప్పుడు ఎందుకు అందరూ పరుగెత్తారు?” ఆ రోజు తాను రాసుకున్న సమయాల కాగితాన్ని ముందు పెట్టుకుని, చూసినంతవరకే చెప్పి, వైద్యానికి సంబంధించిన ప్రశ్నలను డాక్టరును అడగడానికి వీలుగా విడిగా రాసి ఇవ్వాలి.