పాత కారు అప్పుడప్పుడు ఆగిపోతుంటే: శ్రీకాకుళం, విజయనగరాలకు కొత్తగా వచ్చినవారికి

విదేశాల్లో పుట్టి పెరిగినవాళ్లో, ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయినవాళ్లో ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చేది) వచ్చి శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో కాపురం పెడితే, మొదటి నెలలో చేతికొచ్చే వాహనం దాదాపు ఒకటే. పోర్టికోలో కవరు కప్పి ఉంచిన మావయ్యగారి పాత కారు. నంబరు ఏపీ 30తో మొదలైతే శ్రీకాకుళం బండి, ఏపీ 35 అయితే విజయనగరం బండి. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది కాబట్టి నంబరు చూస్తేనే వయసు కొంత తెలిసిపోతుంది. "బాగానే నడుస్తాది, అప్పుడప్పుడు ఆగుతాది, అంతే" అని తాళం ఇస్తారు. చిక్కంతా ఆ అప్పుడప్పుడుతోనే.

ముందు కాగితాలు. విదేశీ లైసెన్సు ఒక్కటే జేబులో పెట్టుకుని తిరిగితే సరిపోదు. దాంతోపాటు ఆ దేశంలోనే తీసుకున్న ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి, అదీ ఏడాదికే. ఉండిపోయేవాళ్లు ఇక్కడి లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవడం మేలు. సొంత కారు ఆర్‌సీ, అంటే రిజిస్ట్రేషన్ కాగితం, గడువు 15 ఏళ్లు. తర్వాత ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. ఢిల్లీలో పాత బండ్ల మీద ఆంక్షల వార్తలు చదివి కంగారు పడకండి, అక్కడి కోర్టు ఆంక్షలు అక్కడివే. అయినా ఆర్‌సీ, బీమా రెండూ చూశాకే ఇంజన్ మీద డబ్బు పెట్టండి.

ఎప్పుడూ ఉండే జబ్బుని ఏ మెకానిక్కైనా పట్టేస్తాడు. వచ్చిపోయే జబ్బు అలా కాదు. ఎచ్చెర్ల దాటాక హైవే మీద మొరాయించిన బండి, షెడ్డుకి చేరేసరికి బుద్ధిగా స్టార్ట్ అవుతుంది. మెకానిక్ బానెట్ ఎత్తి, రెండుసార్లు రేస్ ఇచ్చి, "బాగానే ఉంది కదండీ" అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, ఆయన కళ్ల ముందు బండికి ఏమీ కాలేదు. ఇక మిగిలేది ఊహే. ప్లగ్గులు మార్చి చూద్దాం, కాయిల్ మార్చి చూద్దాం, పంపు మార్చి చూద్దాం. మీరుండొచ్చిన చోట బండిని పరీక్షించినందుకు గంటల లెక్కన తీసుకుంటారు. ఇక్కడ చిన్న షెడ్లలో చూసినందుకు డబ్బులు అడగరు, మార్చినందుకే అడుగుతారు. అందుకే చూడటం తక్కువ, మార్చడం ఎక్కువ. పాలకొండ రోడ్డు వైపు ఒక పెద్ద మేస్త్రి వచ్చినవాళ్లందరికీ చెప్పేది ఒకటే: "ఏటైపోనాదో నాకు సెప్పకండి బాబూ, ఎప్పుడైపోనాదో సెప్పండి." బండి ఆగినప్పుడు దగ్గరున్నది మీరే కాబట్టి, సగం పని మీదే.

గ్లవ్ బాక్సులో చిన్న నోటుపుస్తకం పెట్టండి, లేదా ఫోన్లో రాసుకోండి. ఆగిన ప్రతిసారీ ఇంజన్ చల్లగా ఉందా, వేడెక్కి ఉందా? పెట్రోల్ ముల్లు ఎక్కడుంది? ఏసీ వేసి ఉందా? వానా, గతుకుల రోడ్డా, ఎత్తా? మళ్లీ స్టార్ట్ అవడానికి ఎంతసేపు పట్టింది? తాళం తిప్పితే సెల్ఫ్ తిరిగిందా, టక్‌మని ఊరుకుందా? సెల్ఫే తిరగకపోతే ముందు బ్యాటరీ, దాని తీగలు, సెల్ఫ్ మోటారు చూడాలి. సెల్ఫ్ బాగా తిరిగీ ఇంజన్ అందుకోకపోతే అది వేరే దారి. మీటరులో ఏ లైటు వెలిగిందో ఫోటో తీసిపెట్టుకోండి. ఇలా నాలుగైదు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూస్తే, మెకానిక్ కంటే ముందు మీకే ఏదో ఒకటి తోస్తుంది.

అన్నిటికంటే ముఖ్యంగా రాయాల్సింది బండి ఎలా ఆగిందన్నది. స్విచ్ కట్టేసినట్టు ఠక్కున ఆగితే ముందు కరెంటు వైపు చూడాలి: ఇగ్నిషన్, సెన్సర్, రిలే (కరెంటుని కలిపి విడదీసే చిన్న స్విచ్ డబ్బీ), ఎర్త్ (బ్యాటరీ మైనస్‌ని ఇంజనుకీ బాడీకీ కలిపే తీగ). పికప్ తగ్గి, జర్కులు కొట్టి, దగ్గి దగ్గి ఆగితే పెట్రోల్ వైపు. తప్పని నియమం కాదుగానీ, వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది.

వేడి మీద ఆగి, అరగంట చల్లారాక మళ్లీ మామూలుగా నడిచే బండి మన దగ్గర ఎక్కువ కనిపిస్తుంది. మే నెల మధ్యాహ్నం ఏసీ వేసుకుని విశాఖ వెళ్లే దారిలో గానీ, ఎస్.కోట నుంచి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు గానీ ఇది బయటపడుతుంది. ఫ్యూయెల్ ఇంజెక్షన్ కార్లలో నేను మొదట అనుమానించేది క్రాంక్ సెన్సర్‌ని. ఇంజన్ షాఫ్టు ఏ క్షణాన ఎక్కడుందో కంప్యూటరుకి చెప్పేది అదే. ఆ కబురు ఆగితే స్పార్కూ ఉండదు, పెట్రోలూ చిమ్మదు. పాతబడిన సెన్సర్లలో చుట్టిన సన్నటి తీగ వేడికి వ్యాకోచించి తెగుతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. అందుకే షెడ్డులో అది ఎప్పుడూ నిర్దోషే. బండి ఆగిన చోటే ఒక పరీక్ష చేయొచ్చు. సెల్ఫ్ తిప్పుతూ ఆర్‌పీఎం ముల్లు చూడండి. చాలా కార్లలో సెల్ఫ్ తిరిగేటప్పుడు ఆ ముల్లు కొంచెమైనా లేస్తుంది. ఇంజన్ తిరుగుతున్నా అది సున్నా దగ్గరే పడుకుంటే సెన్సర్ మీద అనుమానం బలపడినట్టే. ఈ ఒక్క ముక్క మేస్త్రికి చెప్పగలిగితే ప్లగ్గుల ఖర్చూ, పంపు ఖర్చూ తప్పొచ్చు.

ప్లగ్గుకి స్పార్కు కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్ కూడా వేడికి ఇలాగే చేస్తుంది. ప్లగ్గుకో కాయిల్ ఉన్న బండిలో ఒకటి పోతే బండి ఆగదు, ఒక సిలిండర్ పనిచేయక వణుకుతుంది. కార్బ్యురేటర్ కాలం నాటి మారుతీ 800 అయితే ఈ సెన్సర్ల గొడవ లేదు. వేడికి పైపులో పెట్రోల్ ఆవిరైపోయి పంపు లాగలేకపోవడం వాటి జబ్బు.

పెట్రోల్ వైపు వస్తే, తాళం ఆన్ చేసి సెల్ఫ్ కొట్టకుండా వెనక సీటు కింద చెవి పెట్టండి. రెండు సెకన్లపాటు జుయ్‌మని చప్పుడు రావాలి, అది ట్యాంకులో పంపు. బండి ఆగిపోయిన క్షణంలో ఆ చప్పుడు లేకపోతే పంపో, దాని రిలేనో, ఫ్యూజో. పంపుని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే, కాబట్టి ముల్లు ఎప్పుడూ రిజర్వు దగ్గరే ఉంచి నడిపే బండిలో అది త్వరగా అలిసిపోతుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు రాని జబ్బు పావు ట్యాంకులో వస్తోందంటే దాన్ని రాసిపెట్టుకోండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ (ఈ20). ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత బండ్లలో చాలావాటి రబ్బరు పైపుల్ని ఇంత ఇథనాల్ కోసం తయారుచేయలేదు. నెలల తరబడి కదలని కారైతే ట్యాంకు ఖాళీ చేయించి, పైపులు పగిలాయేమో చూసి, ఫిల్టర్ మార్చించి మొదలుపెట్టండి. అలాగని ఈమధ్య ప్రతి జబ్బునీ ఈ20 మీదకి తోసేయడమూ సరికాదు. పదేళ్లుగా ఫిల్టర్ ముట్టుకోనివాళ్లు బంకువాణ్ని తిట్టడం చూస్తుంటాను.

ఇక్కడ మరీ పట్టించుకోవాల్సింది ఎర్త్. కళింగపట్నం, భావనపాడు, బారువ, అటు భోగాపురం వైపు సముద్రగాలి తగిలే ఊళ్లలో బండి ఏళ్ల తరబడి నిలబడితే ఉప్పు, తేమ కలిసి కనెక్షన్లని తినేస్తాయి. మాకు తెలిసినవాళ్ల చిన్న కారు ఒకటి గతుకుల్లో ఆగేది, నున్నటి రోడ్డు మీద పరుగెత్తేది. బ్యాటరీ మైనస్ నుంచి గేర్‌బాక్సుకి వెళ్లే మందపాటి తీగ పైకి కొత్తగానే ఉంది. బోల్టు విప్పి లగ్ (తీగ కొసన బోల్టు దూరే రింగు) తీస్తే కింద ఆకుపచ్చ, తెలుపు కలిసిన పొడి రేకులా అతుక్కుని ఉంది. ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు రాశారు. మరే సామానూ మార్చలేదు.

దీన్ని విప్పకుండానే పట్టొచ్చు. చవక మల్టీమీటర్ ఒకటి కొనండి. ఇంజన్ ఆపి కొన్ని గంటలైన బ్యాటరీలో 12.6 వోల్టుల దాకా ఉండాలి, ఇంజన్ నడుస్తుంటే మామూలుగా 13.8 నుంచి 14.4 మధ్య. తర్వాత ఒక సూది బ్యాటరీ మైనస్ పోస్టు మీద, రెండోది ఇంజన్ మీద రంగులేని ఇనుము మీద ఆనించి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టుల లోపు చూపిస్తే పర్వాలేదు. అర వోల్టు దాటితే ఎర్త్ బాగోలేదు.

అలాగే ఇంజన్ ఆన్‌లో ఉంచి కప్లర్లని (వైర్లని కలిపే ప్లాస్టిక్ జాయింట్లని) ఒక్కొక్కటే మెల్లగా కదపండి, రిలేల మీద స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. ఎక్కడ తడితే ఇంజన్ తడబడుతుందో లూజ్ అక్కడే. ఫ్యాను, బెల్టుల దగ్గరికి చెయ్యి పోనివ్వకండి, చున్నీ, పైట దోపుకోండి. పంపు రిలే మీద అనుమానం ఉంటే, ఫ్యూజుల డబ్బాలో అదే నంబరున్న హారన్ రిలేతో మార్చి నాలుగు రోజులు తిరిగి చూడొచ్చు. పైసా ఖర్చు లేదు. వానాకాలంలో మాత్రమే మిస్ కొట్టే పాత బండికి రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి ప్లగ్గు తీగల మీద స్ప్రే సీసాతో సన్నగా నీళ్లు చల్లితే, కరెంటు లీకయ్యే చోట నీలి మెరుపులు కనిపిస్తాయి. చేత్తో మాత్రం ముట్టుకోవద్దు. గడ్డివాము పక్కన పెట్టే బండికైతే ముందు ఎలుకలు కొరికిన వైర్లు వెతకండి.

స్కానింగ్ గురించి. అమెరికాలో 1996 నుంచి ప్రతి కారుకీ ఓబీడీ-2 (బండి కంప్యూటరులోని జబ్బు కోడ్లని స్కానర్‌తో చదివే ఏర్పాటు) ఉంది, ఇక్కడ అది తప్పనిసరైంది 2013 ఏప్రిల్ నుంచే. అంతకు ముందు బండికి మీరు తెచ్చిన బ్లూటూత్ స్కానర్ పలకకపోవచ్చు, ఆ కంపెనీ మిషన్ ఉన్న షెడ్డు కావాలి. కోడ్ వచ్చినా అది జబ్బు పేరు కాదు, జాడ మాత్రమే. పీ0335 వస్తే క్రాంక్ సెన్సర్ వైపు వెళ్లమని అర్థం. సెన్సర్ పోయి ఉండొచ్చు, దాని వైరు తెగి ఉండొచ్చు, కప్లర్లో తుప్పు ఉండొచ్చు. కోడ్ చెరిపేయకముందే ఫోటో తీసుకోండి. బ్యాటరీ తీగ విప్పినా చాలా బండ్లలో ఆ జ్ఞాపకం పోతుంది.

షెడ్డుకి వెళ్లినప్పుడు మేస్త్రీని "గురువుగారూ" అనో "బాబూ" అనో పలకరించి, మీ నోటుపుస్తకంలో రాసింది చదవండి. యూట్యూబ్‌లో చూసింది చెప్పకండి. బండిని ఒక పూట ఉంచుకుని వేడెక్కేదాకా తిప్పి చూడమనండి, చూసినందుకు విడిగా డబ్బులిస్తానని ముందే చెప్పండి. ఆ మాటకి మొహమాటపడతారు గానీ, ఇస్తే చూసే తీరు మారుతుంది. ఒకసారి ఒకే సామాను మార్చమనండి, తీసిన పాతది ఇంటికి తెచ్చుకోండి. సెన్సర్లలో నకిలీలు బాగా తిరుగుతున్నాయి. మంచి పాతది తీసి చెడ్డ కొత్తది పెట్టించుకోవడం కంటే ఆగడం నయం.

నడుస్తూ ఆగిపోతే టెన్షన్ పడకండి. స్టీరింగ్ బరువెక్కుతుంది కానీ తిరుగుతుంది. బ్రేకుకి వాక్యూమ్ సాయం ఒకటి రెండు తొక్కుళ్లకే ఉంటుంది, కాబట్టి పంపు కొట్టినట్టు కాకుండా ఒక్కసారే గట్టిగా తొక్కి ఉంచండి. బండి పూర్తిగా ఆగేదాకా తాళం తీయొద్దు, స్టీరింగ్ లాకైపోతుంది. జాతీయ రహదారి మీదైతే ఎడమ అంచుకి చేర్చి, నాలుగు ఇండికేటర్లూ వేసి, అందరినీ దించి రెయిలింగ్ అవతల నిలబెట్టి, 1033కి ఫోన్ చేయండి. రాత్రిపూట 16వ నంబరు హైవే మీద లారీల వేగం తెలియక బండి దగ్గరే నిలబడి బానెట్‌లోకి తొంగిచూసేవాళ్లు ఉంటారు, అది వద్దు.

డీజిల్ బండి అయితే పైన చెప్పిన ప్లగ్గులు, కాయిల్ గొడవ లేదు. ఫిల్టర్ కింద నీళ్లు వదిలే మరను విప్పి చూడండి, పైపుల్లో గాలి చొరబడుతోందేమో చూడండి. రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున్న పట్టుకోవడానికి చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తోందంటే ఎక్కువగా గాలే. ఇలాంటి వాటికి లారీల ఊరైన సాలూరులో చేయి తిరిగినవాళ్లు దొరుకుతారు. ఇంజెక్టర్లు, హైప్రెషర్ పంపు విప్పే పనైతే మాత్రం చిన్న షెడ్డులో ఒప్పుకోకుండా, పరీక్షించే మిషన్ ఉన్న చోటికే తీసుకెళ్లండి.