మెగ్గర్ (ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే మీటర్) బాగుంది, పిట్ పొడిగా ఉంది, అయినా కేబుల్ పోయింది: తప్పు ఎక్కడ వెతకాలి?

మొన్న మళ్లీ అదే ఫోన్. "అన్నా, 6.6 కేవీ ఫీడర్‌లో ఒక ఫేజ్‌కి టాన్ డెల్టా పెరిగింది. కేబుల్ మార్చేయమంటున్నారు." టాన్ డెల్టా అంటే తీగ చుట్టూ ఉన్న ఇన్సులేషన్‌లో ఎంత కరెంటు వృథా అవుతోందో చెప్పే కొలత. పిట్ (కేబుళ్ల దారిలో నేలలో కట్టిన గొయ్యి) మూత తీసి చూశావా తమ్ముడూ అని అడిగితే అవతల చప్పుడు లేదు. లక్షల రూపాయల కేబుల్ మార్చడానికి నోట్ పెడతారు గానీ, మూత ఎత్తడానికి ఇద్దరు మనుషుల్ని పిలవరు.

చెన్నైలో కేబుల్ టెస్టింగే నా పని. అణు విద్యుత్ కేంద్రాల్లో భూమిలో వేసిన కేబుళ్లు ఎలా పాడవుతాయి, ముందే ఎలా పట్టుకోవాలి అని కుర్రాళ్లు అడుగుతుంటారు. కేబుల్‌కి తాను ఫ్యాక్టరీలో ఉన్నానో రియాక్టర్ పక్కన ఉన్నానో తెలియదు, జబ్బు ఒకటే. తేడా అంతా అది పోతే ఏమవుతుందన్న దాంట్లోనే. తీరంలో కట్టిన కేంద్రాల్లో సముద్రపు నీటి పంప్‌హౌస్ మెయిన్ ప్లాంట్‌కి దూరంగా ఉంటుంది, అక్కడికి కరెంటు నేలకింద డక్టుల్లోనే, అంటే పైపుల్లోనే వెళ్తుంది. ప్రమాదం వచ్చిన రోజున రియాక్టర్‌ని చల్లబరచాల్సిన పంపుల్లో కొన్ని ఆ కేబుళ్ల చివరే ఉంటాయి. 2004 డిసెంబర్ 26న సునామీ నీళ్లు చెన్నై దగ్గరి కల్పాక్కం అణు కేంద్రం పంప్‌హౌస్‌లోకి వచ్చాయి. అప్పుడు నడుస్తున్న రెండో యూనిట్‌ని క్షేమంగా ఆపగలిగారు. తీరంలో నీళ్లు ఎక్కడిదాకా రాగలవో చెప్పడానికి అంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

పర్మిట్, ఐసోలేషన్, టెస్ట్ అయ్యాక డిశ్చార్జ్ చేసి ఎర్త్ చెయ్యడం, ఇవన్నీ మీకు తెలుసనుకుని రాస్తున్నాను.

లక్షణం 1: మెగ్గర్ రీడింగ్ పడిపోయింది

నూటికి తొంభై సార్లు తప్పు కేబుల్‌ది కాదు, చివర్లది. మన ఊళ్లో సముద్రపు గాలి ఎలా ఉంటుందో తెలిసిందే. కిటికీ ఊచ మీద వేలు రాస్తే జిగటగా ఉంటుంది కదా, అదే ఉప్పు ఎండ్ టెర్మినేషన్ (కేబుల్ చివర కనెక్షన్ ఇచ్చే భాగం) మీదా పేరుకుంటుంది. తెల్లవారుజామున తేమ పట్టగానే కరెంటు ఇన్సులేషన్ లోపల్నుంచి కాదు, పైపొర మీదుగా పాకుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, దారాలు ఊడని బట్టతో తుడవండి. ఆరనిచ్చి, మెగ్గర్ గార్డ్ టెర్మినల్ (పైపొర మీది కరెంటుని లెక్కలోకి రానివ్వని కనెక్షన్) కలిపి మళ్లీ చూడండి. గార్డ్ వైరు ఎందుకిచ్చారో తెలియక దాన్ని పెట్టెలోనే చుట్టి ఉంచేవాళ్లని చాలామందిని చూశాను.

ఉష్ణోగ్రత కూడా రాసుకోండి. పది డిగ్రీలు పెరిగితే రీడింగ్ సుమారు సగానికి దిగుతుందన్నది మోటు లెక్క. జనవరి రీడింగ్‌ని మే రీడింగ్ పక్కన పెట్టి బెంబేలెత్తొద్దు. టాన్ డెల్టాకి ముందు కూడా ఇలాగే తుడవాలి, లేకపోతే చివర్ల మురికి కేబుల్ ఖాతాలో పడుతుంది. ఒకే వోల్టేజీ దగ్గర రీడింగ్ నిలకడ లేకుండా ఆడుతుంటే ముందు టెర్మినేషన్‌నే అనుమానించండి.

లక్షణం 2: మెగ్గర్ గిగా ఓముల్లో (అంటే దిట్టంగా) ఉంది, పిట్ పొడిగా ఉంది, అయినా కేబుల్ పేలింది

నన్ను ముంచింది ఇదే. చెన్నైకి ఉత్తరాన ఒక ఫ్యాక్టరీ, నవంబర్ వానలు తెరిపిచ్చిన వారం. పిట్ మూత తీయించాను. లోపలికి దిగినతను తల పైకెత్తి "తణ్ణి ఇల్ల సార్" (నీళ్లు లేవు సార్) అన్నాడు. నేనూ టార్చి వేసి చూశాను, అడుగున తడి మరక తప్ప ఏమీ లేదు. మెగ్గర్ మూడు ఫేజుల్లోనూ దిట్టంగా ఉంది. సంతకం పెట్టి వచ్చేశాను. రెండు నెలలు తిరక్కుండానే కెపాసిటర్ బ్యాంక్ స్విచ్ చేసిన క్షణాన ఎర్త్ ఫాల్ట్ వచ్చి బ్రేకర్ ట్రిప్ అయింది. ఫాల్ట్ దొరికింది పిట్‌లో కాదు, రెండు పిట్ల నడుమ డక్ట్ కిందికి కుంగిన చోట. పైపు కోయగానే నల్లటి నీళ్లు బుడబుడమంటూ బయటికొచ్చాయి.

పిట్‌లో పంపు పనిచేస్తే పిట్ మాత్రమే ఖాళీ అవుతుంది. డక్ట్ నడుమ వంపు ఉంటే అక్కడి నీళ్లకి పంపుతో పని లేదు. నేల కుంగినా, పైన బరువు లారీలు తిరిగినా ఆ వంపు రావచ్చు. బయట వాన వెలిసినా కేబుల్ మాత్రం ఏడాది పొడుగునా నీళ్లలో నానుతూనే ఉంటుంది.

మరి మెగ్గర్‌కి ఎందుకు తెలియలేదు? ఎక్స్‌ఎల్‌పీఈ (క్రాస్‌లింక్డ్ పాలిథిలిన్ ప్లాస్టిక్) ఇన్సులేషన్ తడిలో ఉండి, పైన వోల్టేజీ కూడా ఉంటే, ఏళ్ల తరబడి అందులో సన్నటి నీటి చుక్కలు చెట్టు కొమ్మల్లా పాకుతాయి. వీటినే వాటర్ ట్రీలంటారు. ఆ చెట్టు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పాకనంత వరకు, మిగిలిన మంచి ప్లాస్టిక్ డీసీ రెసిస్టెన్స్‌ని నిలబెడుతుంది. మెగ్గర్ చూసేది దాన్నే. ఇన్సులేషన్ లోపలి చిన్న చిన్న స్పార్కుల్ని పట్టే పార్షియల్ డిశ్చార్జ్ టెస్ట్‌కి కూడా ఇది చిక్కదు, ఎందుకంటే వాటర్ ట్రీలో డిశ్చార్జ్ ఉండదు. పిడుగో స్విచింగ్ సర్జో తగిలి అది ఎలక్ట్రికల్ ట్రీగా మారితే డిశ్చార్జ్ మొదలవుతుంది గానీ, అప్పటికి మిగిలే టైమ్ తక్కువ. లోడ్ లేకుండా వోల్టేజీ మాత్రం ఎప్పుడూ ఉండే స్టాండ్‌బై ఫీడర్లకి ఈ బెడద ఎక్కువ. ఆరబెట్టేంత వేడి వాటిలో పుట్టదు మరి. అణు కేంద్రాల్లో ఇలాంటివి చాలానే ఉంటాయి.

దీన్ని పట్టేది 0.1 హెర్ట్జ్ వీఎల్‌ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ ఏసీ) మీద చేసే టాన్ డెల్టా. 6.6 కేవీ ఎర్త్‌డ్ సిస్టమ్ కేబుల్‌కి ఫేజ్ టు గ్రౌండ్ 3.8 కేవీ. అందులో సగం దగ్గర, సరిగ్గా దాని దగ్గర, ఒకటిన్నర రెట్ల దగ్గర, ఇలా మూడు మెట్లలో తీయండి. ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ ప్రమాణం 400.2 (2013) లెక్కలో పాలిథిలిన్ జాతి ఇన్సులేషన్‌కి, 3.8 దగ్గర సగటు వెయ్యికి 4 లోపు, మొదటి మెట్టుకీ చివరి మెట్టుకీ తేడా వెయ్యికి 5 లోపు ఉంటే బెంగ లేదు. సగటు 50 గానీ, తేడా 80 గానీ దాటితే ఆ కేబుల్ సంగతి వెంటనే తేల్చాలి. నడుమ ఉన్నవాటి మీద కన్నేసి ఉంచాలి. ఈపీఆర్ రబ్బరు కేబుల్‌కి హద్దులు వేరు, ఈ అంకెలు దానికి వాడొద్దు.

ఇక్కడ ఇంకో మోసం ఉంది. టాన్ డెల్టా మొత్తం పొడవుకి సగటు. ఆరు వందల మీటర్ల కేబుల్‌లో ముప్పై మీటర్లే నీళ్లలో ఉంటే, ఆ ముప్పై మీటర్ల రోగం మిగతా ఆరోగ్యంలో కలిసిపోతుంది. అందుకే అంకె హద్దులోనే ఉందని వదిలేయకుండా మూడు ఫేజుల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే ట్రెంచ్, ఒకే వయసు, ఒకే పొడవు. అందులో ఒకటి వోల్టేజీతో పాటు పైకి లేస్తుంటే దాన్ని పట్టుకోవాలి. మూడూ లేస్తే మూడూ తడిలోనే ఉన్నాయని అర్థం. డౌట్ తీరకపోతే, ఎక్కువ వోల్టేజీని కేబుల్ తట్టుకుంటుందో లేదో చూసే వీఎల్‌ఎఫ్ విత్‌స్టాండ్ టెస్ట్‌ని కనీసం అరగంట నడిపి, అంతసేపూ టాన్ డెల్టా చూస్తూ ఉండండి. తడిసి ముసలిదైన ఎక్స్‌ఎల్‌పీఈ కేబుల్‌ని మాత్రం పాత పద్ధతిలో హై వోల్టేజీ డీసీ టెస్ట్, అంటే డీసీ హైపాట్‌తో దంచొద్దు. లోపల చార్జ్ చిక్కుకుపోయి, టెస్ట్ పాసైన కేబుల్ కరెంటు ఇచ్చాక పోతుంది.

డక్ట్‌లో నీళ్లున్నాయో లేదో చూడటానికి పెద్ద పరికరం అక్కర్లేదు. పంపు ఆపి, పిట్ గోడ మీద సుద్దతో గీత గీసి, మర్నాడు పొద్దున చూడండి. నీళ్లు గీత పైకి వచ్చాయంటే ఎక్కడి నుంచో ఊరుతున్నట్టే. ఖాళీగా ఉన్న పక్క డక్ట్‌లోకి ఫైబర్ రాడ్ చివర కాటన్ వేస్ట్ కట్టి తోయండి. తడిసి వస్తే ఏ మీటర్ దగ్గర తడిసిందో రాడ్ మీదే గుర్తు పెట్టండి. డక్ట్ మూతి దగ్గర గోడ మీద తెల్లటి ఉప్పు చార, కేబుల్ జాకెట్ మీద బురద గీత కనిపిస్తే నీళ్లు అంతదాకా వచ్చి వెళ్లాయన్నమాట.

ఇక రిపేరు. నీళ్లు తోడితే చెట్టు పెరగడం నెమ్మదిస్తుంది, పాత చెట్టు మాత్రం పోదు. తోడాక రీడింగ్ కాస్త మెరుగైందని కేబుల్ బాగైనట్టు అనుకోవద్దు. తడిసిన భాగం తెలిస్తే ఆ ముక్క తీసేసి కొత్తది వేసి, జాయింట్లని పిట్‌లో నీటిమట్టానికి పైన ర్యాక్ మీద పెట్టండి. డక్ట్ లోపల జాయింట్ వద్దే వద్దు. కొత్త కేబుల్ వాటర్ బ్లాకింగ్ టేపు ఉన్నదే తెప్పించండి. పంపు ఫ్లోట్ స్విచ్‌ని చేత్తో ఎత్తి చూడండి, సగం చోట్ల అది బురదలో కూరుకుపోయి ఉంటుంది. డెలివరీ పైపుకి నాన్ రిటర్న్ వాల్వ్ ఉందా? లేకపోతే పెద్ద వానకి డ్రెయిన్ నీళ్లు అదే పైపులో వెనక్కొస్తాయి. మీ పంపే మీ పిట్‌ని నింపుతుందన్నమాట!

ఎన్నాళ్లకోసారి చూడాలి?

అమెరికా అణు నియంత్రణ సంస్థ ఎన్‌ఆర్‌సీ 2007లో కేంద్రాలన్నిటికీ ఉత్తరం రాసి, చేతికందని భూగర్భ కేబుళ్ల వైఫల్యాల చిట్టా అడిగింది. ప్లాంట్ వయసుతో పాటు వైఫల్యాలూ పెరుగుతున్నాయని, 40 ఏళ్ల లైసెన్సు గడువు లోపే కేబుళ్లు పోతున్నాయని తేలింది. 2010 చివర్లో లైసెన్సు పొడిగింపు మార్గదర్శకాన్ని సవరించినప్పుడు, అంతకుముందు రెండేళ్లకోసారి ఉన్న మ్యాన్‌హోల్ (మన పిట్ లాంటిదే) తనిఖీని ఏడాదికోసారి చేశారు. పదేళ్లకోసారి ఉన్న కేబుల్ టెస్ట్‌ని ఆరేళ్లకి తెచ్చారు. అంతకుముందు 2 కేవీ పైవాటికే ఉన్న లెక్కని 400 వోల్టుల దాకా దించారు. పెద్ద వానో వరదో వచ్చాక విడిగా చూడాలన్నారు. నన్నడిగితే చెన్నై తీరంలో అక్టోబర్‌కి ముందొకసారి, డిసెంబర్ తుపాన్లు పోయాక ఒకసారి మూత తీయాల్సిందే.

అరుదైనవి

రేడియేషన్ గురించే అందరూ ముందు అడుగుతారు. అది రియాక్టర్ భవనం లోపలి కేబుళ్ల సమస్య, బయట డక్ట్‌లో ఉన్నదానికి కాదు. ఎలుకలు, చెదలు, రసాయనాలు ఉంటే కంటికే కనిపిస్తాయి. లాగేటప్పుడు జాకెట్ చిరిగిందేమోనంటే షీత్ టెస్ట్ (జాకెట్‌కి చిల్లు ఉందేమో చూసే టెస్ట్) పెట్టండి, పది నిమిషాల పని.

తీసేసిన కేబుల్ ముక్కని మాత్రం రాగి ధర చూసుకుని స్క్రాప్‌కి వేసెయ్యొద్దు. తడిసిన చోట ఒక అడుగు కోసి ఉంచండి. ఇన్సులేషన్‌ని పల్చటి బిళ్లలుగా కోసి మిథిలిన్ బ్లూ రంగులో నానబెడితే, మైక్రోస్కోప్ కింద చెట్లు నీలంగా కనిపిస్తాయి. అదే ట్రెంచ్‌లో మిగిలిన రెండు ఫేజులు ఎన్నాళ్లు లాగుతాయో అంచనా వేయడానికి ఆ బిళ్లే పనికొస్తుంది.