తలరాత అని ఎప్పుడు అనుకోవాలి, ఎప్పుడు అనుకోకూడదు

టెన్షన్‌లో ఉన్నవాళ్లకి రెండు సలహాలు అడక్కుండానే దొరుకుతాయి. "అంతా నీ చేతుల్లోనే ఉంది" అని ఒకరంటారు, "రాసిపెట్టి ఉన్నదే జరుగుతుంది, ఊరికే బుర్ర పాడుచేసుకోకు" అని ఇంకొకరు. నన్నడిగితే రెండూ పనికొస్తాయి, కాకపోతే ఏది దేనికి వాడాలో తెలియాలి.

ముందు మీ గుబులేంటో కాగితం మీద ఒక్క వాక్యంలో రాయండి. "ఆరోగ్యం గురించి భయం" అని కాదు, "గురువారం బయాప్సీ రిపోర్ట్ వస్తుంది, ఏం వస్తుందోనని భయం" అని. ఇప్పుడు దాన్ని విడగొట్టండి. ఇచ్చిన శాంపిల్‌లో ఏముందో మీరు రాత్రంతా మేలుకున్నా మారదు, కాబట్టి అదొక్కటీ విధికి వదిలేయండి, దేవుడంటారో అదృష్టమంటారో మీ ఇష్టం. కానీ రిపోర్ట్ ఏ డాక్టర్‌కి చూపించాలి, వెంట ఎవరొస్తారు, ఏమేం అడగాలి, ఇవి మాత్రం విధి వచ్చి చూసుకోదు. 1984లో లాజరస్, ఫోక్‌మన్ అనే సైకాలజిస్టులు ఒత్తిడిని తట్టుకునే పద్ధతుల్ని ఇలాగే రెండుగా చూశారు: సమస్యని సరిచేసుకోవడం ఒకటి, సమస్య వల్ల కలిగే బాధని సర్దుకోవడం ఇంకోటి. విధి మీద నమ్మకం రెండోదానికి బాగా సాయపడుతుంది, మొదటిదాని జోలికి రానివ్వకండి.

తర్వాత, మీ చేతిలో ఉన్నవాటిలో అన్నిటికంటే చిన్న పని ఈరోజే చేసేయండి, అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేయడం లాంటిదైనా సరే. 1967లో సెలిగ్‌మన్, మేయర్ అనే సైకాలజిస్టులు కుక్కల మీద చేసిన ప్రయోగంలో (ఇప్పుడైతే ఎవరూ ఒప్పుకోని ప్రయోగం లెండి) ఆపలేని కరెంట్ షాకులు తిన్న కుక్కల్లో చాలావరకు, తర్వాత తప్పించుకునే దారి ఉన్నా కదలకుండా పడుకున్నాయి. నిస్సహాయత నేర్చుకుంటే వస్తుందని అప్పట్లో అన్నారు. 2016లో వాళ్లే మాట మార్చారు: కష్టం ఎడతెగకుండా ఉంటే చతికిలబడటమే సహజమట, మన చేతిలో కొంతైనా ఉందన్నదే మెదడు నేర్చుకోవాలట. అందుకే ఎంత చిన్న పనైనా వృథా పోదు.

అన్నీ తమ చేతుల్లోనే ఉన్నాయనుకునేవాళ్ల ఇబ్బంది వేరు. కంపెనీ ఒక విభాగాన్నే మూసేసి అందరినీ తీసేసినా, "నేనింకొంచెం కష్టపడి ఉంటేనా" అని నెలల తరబడి తమని తామే తిట్టుకుంటారు. అలాంటివాళ్లు "ఇందులో నా ప్రమేయం లేదు, ఇలా జరగాల్సి ఉంది" అనుకోవడం అలవాటు చేసుకోవాలి. ఇందులోనూ ఒక జాగ్రత్త ఉంది: జరిగిపోయిన ఆ ఒక్క సంగతికే ఆ మాట వాడండి. "నా బతుకే ఇంత" అంటే ఇంకా రాని రోజులకి కూడా ఇప్పుడే తీర్పు ఇచ్చేసినట్టు.

మీరు సరిగ్గా వాడుతున్నారో లేదో తెలుసుకోవడం తేలికే. విధికి వదిలేశాక నిద్ర పట్టి, పొద్దున లేచి పని చేసుకోగలిగితే మంచిదే. ఫోన్ ఎత్తకుండా, బిల్లులు విప్పకుండా ఉంటే మాత్రం మీరు తప్పించుకు తిరుగుతున్నట్టే. ఎవరైనా కొడుతున్నా వేధిస్తున్నా దాన్ని ఖర్మ అని సరిపెట్టుకోవద్దు, నమ్మకస్తులకి చెప్పండి, సాయం అడగండి. రెండు వారాలు దాటినా దేని మీదా ఆశ కలగకపోతే డాక్టర్‌ని కలవండి, చనిపోవాలనిపిస్తే అంతసేపు కూడా ఆగకుండా వెంటనే కలవండి.