రైఫిల్‌కి మొదటి సప్రెసర్ కొనేముందు, బిగించేముందు చూసుకోవాల్సినవి

సప్రెసర్ అంటే తుపాకీ మోత తగ్గించడానికి బ్యారెల్ (గొట్టం) చివర బిగించేది. అమెరికాలో టెక్సాస్ లాంటి చోట ఉన్న మనవాళ్ల కోసం ఇది. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీల్లో అయితే మామూలు జనానికి నిషేధమే, ఇక చదవక్కర్లేదు.

– ముందు మీ వీసా స్టేటస్. హెచ్1బీ మీద ఉంటే లాయర్‌ని అడక్కుండా షాపు గుమ్మం ఎక్కొద్దు, చట్టం లెక్కలో సప్రెసర్ కూడా తుపాకీ కిందకే వస్తుంది.

– 2026 జనవరి నుంచి సప్రెసర్ మీద 200 డాలర్ల ఫెడరల్ ట్యాక్స్ సున్నా అయింది గానీ ఫారం 4 (మీ పేరు మీదకి మార్చమని ప్రభుత్వానికి పెట్టే దరఖాస్తు), వేలిముద్రలు, ఫోటో అన్నీ అలాగే ఉన్నాయి, అప్రూవల్ వచ్చేదాకా అది డీలర్ దగ్గరే. మీ ఒక్కరి పేరు మీదే తీసుకుంటే మీరు లేనప్పుడు ఇంట్లోవాళ్ల చేతికి అందకుండా పెట్టాలి, అందుకే చాలామంది ఇంట్లోవాళ్లని కూడా చేర్చి ట్రస్ట్ పెట్టుకుని దాని పేరు మీద తీసుకుంటారు.

– బ్యారెల్ చివర థ్రెడ్ (మరలు) చూడండి. 5.56 రైఫిల్‌కి మామూలుగా అర అంగుళం వ్యాసం, అంగుళానికి 28 మరలు (1/2-28), .30 క్యాలిబర్‌కి 5/8 అంగుళం, 24 మరలు (5/8-24). మీ క్యాలిబర్ (బుల్లెట్ సైజు), బ్యారెల్ పొడవు ఆ సప్రెసర్ రేటింగ్‌లో ఉన్నాయో లేదో కూడా.

– బిగించేముందు చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీయేనా అని కళ్లతో, వేలితో చూసి, బిగించాక అలైన్‌మెంట్ రాడ్ (బ్యారెల్‌లో పట్టే తిన్నని కడ్డీ) దూర్చి అది సప్రెసర్ చివర్న రంధ్రానికి సరిగ్గా మధ్యలో ఉందో లేదో చూడండి, ఒక పక్కకి ఒరిగితే కాల్చొద్దు, బుల్లెట్ లోపలి బ్యాఫిల్‌కి (అడ్డుబిళ్లకి) తగిలితే వెయ్యి డాలర్ల వస్తువు గోవిందా.

– కాలుస్తూ మధ్యమధ్యలో సప్రెసర్ వదులైందేమో చూడండి, చల్లారాక లేదా మందం గ్లవ్‌తో, వట్టి చేత్తో పట్టుకుంటే తోలు ఊడొస్తుంది.

– సినిమాల్లోలా "పుస్"మనదు. చెవులకి మఫ్స్ తప్పనిసరి.

– రేంజ్‌కి వెళ్లేటప్పుడు అప్రూవ్డ్ ఫారం కాపీ బ్యాగ్‌లో.