స్టాటిక్ సైటా, ఫుల్‌స్టాక్ ఫ్రేమ్‌వర్కా: పేజీల వారీగా తేల్చుకోండి

ఏ టూల్ మంచిదన్న చర్చ పక్కన పెట్టి, ముందు సైట్‌లో ఉండబోయే పేజీలన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కో పేజీ పక్కన రెండు జవాబులు కావాలి. ఆ అడ్రస్ తెరిస్తే అందరికీ ఒకటే కనిపిస్తుందా, మనిషిని బట్టి మారుతుందా? అందులోని సమాచారం మార్చేది మీరా, వాడేవాళ్లా?

అందరికీ ఒకటే, మార్చేది మీరే అయితే ఆ పేజీని ముందే తయారు చేసి పెట్టుకోవచ్చు. దాన్నే స్టాటిక్ పేజీ అంటారు. హ్యూగో, జెకిల్, ఎలెవెంటీ అనే టూల్స్ చేసేది అదే. మార్క్‌డౌన్ ఫైళ్లను (చిన్న గుర్తులతో రాసిన మామూలు టెక్స్ట్) టెంప్లేట్లతో కలిపి బిల్డ్ సమయంలోనే, అంటే సైట్‌ను పెట్టకముందే, హెచ్‌టీఎంఎల్ చేసేస్తాయి, ఇక సర్వర్‌కు మిగిలిన పని ఫైలు అందించడమే. జాంగో, రెయిల్స్, లారావెల్ లాంటి ఫుల్‌స్టాక్ ఫ్రేమ్‌వర్కులు మాత్రం మామూలుగా రిక్వెస్ట్ వచ్చినప్పుడల్లా కోడ్ నడిపి, డేటాబేస్‌ను అడిగి, అప్పటికప్పుడు పేజీ తయారు చేస్తాయి. లాగిన్, ఆర్డర్లు, ఒకరు రాసింది ఇంకొకరికి వెంటనే కనిపించడం ఉంటే వీటినే ఎంచుకోండి.

ఒక్క కాంటాక్ట్ ఫారం కోసం ఫుల్‌స్టాక్‌కు వెళ్లడం దండగ. దానికి ఫారం సర్వీసో, ఒక సర్వర్‌లెస్ ఫంక్షనో (మీరు సర్వర్ నడపకుండా, అవసరమైనప్పుడే నడిచే చిన్న కోడ్) చాలు. సెర్చ్ కూడా అంతే. కొన్ని వందల పేజీల సైట్‌కు బిల్డ్‌లోనే ఇండెక్స్ తయారు చేసి, బ్రౌజర్‌లో వెతికించొచ్చు. పేజ్‌ఫైండ్ అనే టూల్ ఆ పనికే ఉంది.

స్టాటిక్‌లో ఇబ్బందులు చప్పుడు లేకుండా వస్తాయి. హ్యూగోలో రాసిన పోస్టు మీ మెషీన్‌లో కనిపించి, సైట్‌లో కనిపించలేదనుకోండి. ముందు ఫ్రంట్ మ్యాటర్‌లో (పోస్టు ఫైలు మొదట్లో ఉండే వివరాలు) డ్రాఫ్ట్ ట్రూ అని ఉందేమో చూడండి. లేకపోతే తేదీ చూడండి. టైమ్‌జోన్ రాయకుండా 10:00 అని పెడితే, వేరే సెట్టింగ్ లేనప్పుడు హ్యూగో దాన్ని యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయం) తీసుకుంటుంది. మీ గడియారం యూటీసీ కంటే ముందుంటే, మీకు పది దాటినా బిల్డ్ లెక్కలో ఇంకా పది కాలేదు. రాబోయే తేదీ ఉన్న పేజీని హ్యూగో వదిలేస్తుంది, ఎర్రర్ కూడా చూపదు. తేదీ చివర +02:00 లాగా మీ ఆఫ్‌సెట్ (యూటీసీతో మీ సమయానికి ఉన్న తేడా) రాస్తే సరిపోతుంది.

సైట్ సబ్‌ఫోల్డర్‌లో ఉంటే సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని తీర్చే ఫైలు) రాకపోవడం మరో మామూలు సమస్య. లింకు స్లాష్‌తో మొదలైతే బ్రౌజర్ డొమైన్ మూలానికి వెళ్తుంది, ఫోల్డర్ పేరు ఎగిరిపోతుంది. ఫైలు పేర్లలో పెద్ద, చిన్న అక్షరాలు కూడా చూసుకోండి. విండోస్ పట్టించుకోని తేడాను లినక్స్ సర్వర్ 404గా (ఫైలు దొరకలేదన్న ఎర్రర్) చూపిస్తుంది. బ్రౌజర్‌కు వెళ్లే జావాస్క్రిప్ట్‌లో ఏపీఐ రహస్య కీ (బయటి సర్వీసును వాడుకోవడానికి ఇచ్చే పాస్‌వర్డ్ లాంటిది) మాత్రం ఎప్పుడూ పెట్టకండి. ఎవరైనా తెరిచి చదవగలరు.

జాంగో సైట్‌ను బయటకు తెచ్చేటప్పుడు డీబగ్ (ఎర్రర్ల లోపలి వివరాలు చూపే సెట్టింగ్) ఆపాలి. ఆపగానే పేజీలన్నీ 400 ఎర్రర్ ఇస్తుంటే అలౌడ్ హోస్ట్స్ సెట్టింగ్‌లో మీ డొమైన్ లేదని అర్థం. పేజీ వచ్చి సీఎస్ఎస్ రాకపోతే, డీబగ్ ఆపాక సీఎస్ఎస్ లాంటి స్టాటిక్ ఫైళ్లను రన్‌సర్వర్ (జాంగోతో వచ్చే పరీక్షల సర్వర్) అందించదు గనుక. ఆ ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో చేర్చే కలెక్ట్ స్టాటిక్ కమాండ్ నడిపి, ఆ ఫోల్డర్‌ను ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌కో, జాంగోలోంచే ఫైళ్లు అందించే వైట్‌నాయిస్‌కో అప్పగించండి. బ్యాకప్ తీయడంతో ఆగకండి. ఖాళీ డేటాబేస్‌లోకి ఒకసారి రీస్టోర్ చేసి చూసుకోండి.

కాగితం మీద రెండు రకాల పేజీలూ కలిసి వస్తే ఆస్ట్రో అనే ఫ్రేమ్‌వర్క్ బాగుంటుంది. అన్ని పేజీలూ స్టాటిక్‌గా ఉంచి, అడాప్టర్ (మీ సర్వర్‌లో ఆస్ట్రోను నడిపించే జోడింపు) పెట్టి, కావలసిన పేజీలో మాత్రం ముందే తయారు చేయమనే ప్రీరెండర్ సెట్టింగ్‌ను ఫాల్స్ చేస్తే అది రిక్వెస్ట్ మీద తయారవుతుంది. నెక్స్ట్ (Next.js) అనే ఫ్రేమ్‌వర్క్‌ను పూర్తి స్టాటిక్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే సర్వర్‌లో కుకీలు చదవడం, సర్వర్ యాక్షన్లు (పేజీ నుంచి పిలిచే సర్వర్ కోడ్) పని చేయవు.

సైట్ ముందు సీడీఎన్ (పేజీల కాపీలను క్యాష్‌లో దాచి, వాడేవాళ్లకు దగ్గరి సర్వర్ల నుంచి అందించే సర్వీసు) పెట్టగానే ఒక పరీక్ష తప్పనిసరి. ఒక బ్రౌజర్‌లో లాగిన్ అయి ప్రొఫైల్ పేజీ తెరవండి, అదే అడ్రస్‌ను లాగిన్ లేని ఇంకో బ్రౌజర్‌లో తెరవండి. మొదటి వ్యక్తి పేరు అక్కడ కనిపించిందా, పేజీ క్యాష్‌లోకి వెళ్లిపోయినట్టే. ఆ పేజీల క్యాష్ కంట్రోల్ హెడర్‌లో ప్రైవేట్, నో స్టోర్ పెట్టి, సీడీఎన్ క్యాష్ ఖాళీ చేసి మళ్లీ పరీక్షించండి.