డీజిల్ జనరేటర్ పొగలో పోయే వేడితో నీళ్లు కాచడం

డీజిల్ ఇంజిన్‌లో కాల్చిన ఇంధనంలో దాదాపు 30 శాతం శక్తి వేడిగా పొగగొట్టంలోంచి పోతుంది. దాన్ని తిరిగి కరెంటుగా మార్చే పద్ధతులు ఉన్నా, 100 కిలోవాట్ల సెట్టుకు నీళ్లు కాచుకోవడమే తేలిక. అయితే దీనివల్ల ఇంజిన్ తాగే డీజిల్ తగ్గదు. మిగిలేది బాయిలర్‌కో హీటర్‌కో పెట్టే ఖర్చు. వేడినీళ్ల అవసరం పక్కనే లేకపోతే ఈ పని పెట్టుకోవద్దు.

ముందు లెక్క చూసుకోండి. టర్బో (పొగ బలంతో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని నెట్టే చక్రం) ఉన్న 100 కిలోవాట్ల ఇంజిన్ నిండు లోడ్ మీద గంటకు సుమారు 600 కిలోల పొగ వదులుతుంది. 450 డిగ్రీల పొగను 180కి దించితే దొరికేది 50 కిలోవాట్ల వేడి. అంటే 30 డిగ్రీల నీళ్లు గంటకు 850 లీటర్లు 80 డిగ్రీలకు చేరతాయి. పైపుల్లో పోయే వేడి తీసేసి 700 లీటర్లే అనుకోండి. సెట్టు ఎక్కువగా సగం లోడ్ మీదే నడిచేదైతే, సగం లోడ్ అంకెలే వాడాలి. అప్పుడు పొగ వేడీ తగ్గుతుంది, బరువూ తగ్గుతుంది.

వేడి మార్పిడి డబ్బాలో పొగ గొట్టాల లోపల, నీళ్లు బయట ఉండాలి. గొట్టం లోపలి వ్యాసం 25 మి.మీ. కంటే తగ్గితే మసి తీయడానికి బ్రష్ దూరదు. డబ్బాను సైలెన్సర్‌కు ముందు పెట్టండి. పొగను శుద్ధిచేసే ఫిల్టరో, కాటలిస్టో ఉంటే మాత్రం దాని తర్వాతే, ఎందుకంటే అవి పనిచేయడానికి ఆ వేడి కావాలి. డబ్బా బరువు టర్బో మీద పడకూడదు, దానికి వేరే స్టాండు కట్టాలి. స్టెయిన్‌లెస్ పైపు 400 డిగ్రీలు వేడెక్కితే మీటరుకు 7 మి.మీ. సాగుతుంది కాబట్టి మధ్యలో బెలోస్ (సాగి ముడుచుకునే మడతల గొట్టం) తప్పనిసరి.

ఎక్కువమంది పొరబడేది నీటి వైపే. గొట్టం గోడ వేడి చుట్టూ ఉన్న నీటి వేడికే దగ్గరగా ఉంటుంది. చన్నీళ్లు నేరుగా పంపితే పొగలోని తేమ, గంధకపు ఆమ్లం గోడ మీద చెమ్మగా దిగి, మసిని అతికించి, లోహాన్ని తినేస్తాయి. అందుకే నీళ్లను మూసిన చుట్టులో తిప్పి, డబ్బాలోకి తిరిగివచ్చే నీరు 65 డిగ్రీలకు తగ్గకుండా మూడు దారుల థర్మోస్టాట్ వాల్వ్ పెట్టాలి. అక్కణ్ణుంచి ట్యాంకుకు వేడిని ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్ (రెండు నీళ్లూ కలవకుండా రేకుల గుండా వేడిని దాటించే పరికరం) అందిస్తుంది.

బైపాస్ (పొగ డబ్బాలోకి వెళ్లకుండా పక్కనుంచి పోయే దారి) లేకుండా ఇంజిన్ స్టార్ట్ చేయకండి. పంపు ఆగితే డబ్బాలో నీళ్లు నిమిషాల్లో ఆవిరైపోతాయి. నీటి ప్రవాహం ఆగి ఫ్లో స్విచ్ తెగినా, నీళ్లు 95 డిగ్రీలు దాటినా, కరెంటు పోయినా పొగ డాంపర్ (దారి మళ్లించే రెక్క) తనంతట తానే బైపాస్ వైపు తిరగాలి. 3 బార్ల సేఫ్టీ వాల్వ్‌ను డబ్బాకే బిగించండి. ఆ రెంటి మధ్య ఏ వాల్వూ ఉండకూడదు. వ్యాకోచ ట్యాంకు కూడా కావాలి. ఇంజిన్ ఆగాక పంపు మరో 10 నిమిషాలు తిరగాలి. ఒకవేళ డబ్బా ఎండి కాలిపోతే, పూర్తిగా చల్లారేదాకా నీళ్లు పోయవద్దు.

గొట్టం చిల్లుపడి నీళ్లు వెనక్కి సిలిండర్‌లోకి వెళ్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కాబట్టి డబ్బా టర్బో మూతి కంటే కిందే ఉండాలి, పొగ వైపు అడుగున డ్రెయిన్ తెరిచి ఉంచాలి.

చివరిగా వెనక ఒత్తిడి, అంటే పొగ బయటికి పోవడానికి ఎదురయ్యే అడ్డు. డబ్బాకు ముందు, యూ-ట్యూబ్ మానోమీటర్ (నీళ్లు పోసిన యూ ఆకారపు ఒత్తిడి కొలిచే గొట్టం) తగిలించి నిండు లోడ్ మీద కొలవండి. 102 మి.మీ. నీటి మట్టం తేడా అంటే 1 కిలోపాస్కల్. డబ్బా వల్ల పెరిగేది 2 కిలోపాస్కళ్లు దాటకూడదు, మొత్తం వెనక ఒత్తిడి ఇంజిన్ తయారీదారు చెప్పిన హద్దులోపే ఉండాలి. దాటితే నల్లపొగ వస్తుంది, టర్బో వేడెక్కుతుంది, డీజిల్ ఖర్చూ పెరుగుతుంది. కొత్తలో వచ్చిన అంకె డబ్బా మీదే రాసిపెట్టి, వారానికోసారి చూడండి. అదే లోడ్ మీద సగానికి సగం పెరిగితే మసి పట్టినట్టే. 30 శాతం లోపు లోడ్ మీద ఎక్కువసేపు నడిచే సెట్టులో జిడ్డు మసి త్వరగా పేరుకుంటుంది, దానికి నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది. ఆ లోడ్‌లో బైపాస్ మీదే నడపండి.