టర్బో లేని కారులో ఆయిల్ జిడ్డు: క్యాచ్ క్యాన్ బిగించే ముందు చూడవలసినవి

సర్వీసుకని కారు షెడ్డులో వదిలితే, ఇన్‌టేక్ గొట్టం విప్పి లోపలి జిడ్డు చూపించి "ఆయిల్ క్యాచ్ క్యాన్ పెట్టించండి సార్, ఇంజిన్ ఆయుష్షు పెరుగుతుంది" అనడం ఇప్పుడు తిరుపతిలోనూ వినిపిస్తోంది. టర్బో ఇంజిన్లకైతే ఆ సలహాలో కొంత అర్థం ఉంది. టర్బో లేని మామూలు పెట్రోలు కారుకు మాత్రం ఆ డబ్బా దాదాపు ఏ జబ్బుకూ మందు కాదు. పైగా చాలాసార్లు జబ్బును కనపడకుండా చేస్తుంది.

ముందు అది చేసే పని ఏమిటో చూద్దాం. పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా, సిలిండర్లో మండిన వాయువు కొంత వాటి పక్కనుంచి కిందికి, క్రాంక్‌కేసులోకి, అంటే ఇంజిన్ అడుగున క్రాంక్ తిరిగే పెట్టెలోకి జారుతుంది. దీన్నే బ్లో-బై అంటారు. అందులో నీటి ఆవిరి, కాలని పెట్రోలు, ఆయిల్ తుంపర కలిసి ఉంటాయి. బయటికి దారి లేకపోతే లోపల ఒత్తిడి పెరిగి, సీళ్ల సందుల్లోంచి ఆయిల్ కారుతుంది. ఒకప్పుడు ఈ ఆవిరిని ఒక గొట్టం ద్వారా రోడ్డు మీదికే వదిలేసేవారు. 1961 మోడళ్ల నుంచి కాలిఫోర్నియాలో అమ్మే కొత్త కార్లకు పీసీవీ వాల్వు (క్రాంక్‌కేసు ఆవిరిని బయటికి లాగే వాల్వు) వచ్చి, దాన్ని మళ్లీ మానిఫోల్డ్‌లోకి, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టంలోకి లాగి సిలిండర్లోనే కాల్చే పద్ధతి మొదలైంది. క్యాచ్ క్యాన్ ఆ గొట్టం మధ్యలో పెట్టే డబ్బా. లోపలి జాలీకి, అడ్డుపలకలకు తగిలి తుంపర బొట్లుగా మారి అడుగున చేరుతుంది, గాలి ముందుకు సాగిపోతుంది. ఉన్నదంతా అంతే.

థ్రాటిల్ బాడీలో, ఇన్‌టేక్ గొట్టంలో పల్చటి జిడ్డు

ఎక్కువమందిని భయపెట్టేది ఇదే, భయపడనక్కరలేనిదీ ఇదే. పీసీవీ ఉన్న ప్రతి ఇంజిన్‌లోనూ ఈ పొర ఉంటుంది. క్యాచ్ క్యాన్‌కు ఇంత పేరు తెచ్చింది డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లు. వాటిలో పెట్రోలు నేరుగా సిలిండర్లోకి చిమ్ముతుంది కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల వెనుక అంటుకున్న ఆయిల్‌ను కడిగేది ఏదీ ఉండదు, అది కాలి మసిగా గట్టిపడుతుంది. మన రోడ్లమీద తిరిగే మారుతి 1.2 కె-సిరీస్, హ్యుందాయ్ 1.2 కప్పా, హోండా 1.2 ఐ-వీటెక్ వంటి ఇంజిన్లలో ఇంజెక్టరు వాల్వుకు ముందే, పోర్టులోనే ఉంటుంది. చిమ్మిన ప్రతిసారీ పెట్రోలే వాల్వు వెనుక భాగాన్ని కడుగుతుంది. సీఎన్‌జీ మీద నడిపేవారికి ఈ సౌకర్యం కొంత తక్కువ, గ్యాసుకు కడిగే గుణం లేదు. వారు అప్పుడప్పుడు పెట్రోలు మీద కొంత దూరం నడిపితే మంచిది.

చేయవలసింది: థ్రాటిల్ బాడీని, అంటే యాక్సిలరేటరు తొక్కితే గాలికి తెరుచుకునే తలుపున్న భాగాన్ని, దానికోసం అమ్మే క్లీనరుతో తుడిపించండి. డిప్‌స్టిక్‌లో ఆయిల్ పై గీత దాటి ఉందేమో చూడండి. సర్వీసులో ధారాళంగా పోసేసిన అదనపు ఆయిలే చాలా జిడ్డుకు మూలం. క్రాంక్ దాన్ని చిలికి తుంపర చేస్తుంది, పీసీవీ దాన్ని లాగేస్తుంది. ఎక్కువైనది తీయించడానికి ఖర్చు దాదాపు ఉండదు.

కొండ ఎక్కి వచ్చాక ఎయిర్ ఫిల్టరు పెట్టెలో ఆయిల్

తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. అలిపిరి దాటాక నిండు కారుతో ఎక్కుతుంటే యాక్సిలరేటరు చాలాసేపు లోతుగా తొక్కే ఉంటుంది. అప్పుడు థ్రాటిల్ తెరిచి ఉండడంతో మానిఫోల్డ్‌లో వాక్యూమ్ (గాలిని లాగే శక్తి) పడిపోతుంది, పీసీవీ లాగే శక్తి తగ్గుతుంది. సరిగ్గా అదే సమయంలో బ్లో-బై పెరుగుతుంది. దారి చాలని ఆవిరి రెండో గొట్టం, అంటే ఫిల్టరు నుంచి క్రాంక్‌కేసుకు మంచి గాలి తెచ్చే బ్రీదరు గొట్టం వెంట వెనక్కి తన్నుకుని ఫిల్టరు వైపు వస్తుంది. మెకానిక్కులు సాధారణంగా క్యాచ్ క్యాన్ పెట్టేది పీసీవీ గొట్టం మీద, ఈ ఆయిల్ వచ్చేది ఇంకో గొట్టంలోంచి! డబ్బా బిగించినా పెట్టె తడుస్తూనే ఉంటుంది.

తడి మరక మాత్రమే అయితే తుడిచి వదిలేయండి. ఫిల్టరు కాగితం నానేంతగా ఉంటే మొదట ఆయిల్ మట్టం, తర్వాత పీసీవీ, అవి రెండూ బాగుంటే రింగులు, ఈ వరుసలో చూడాలి.

కొండ దిగి యాక్సిలరేటరు తొక్కగానే నీలిపొగ

తిరుపతి కార్లకు ఇది ఉచితంగా దొరికే పరీక్ష. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికే వాడుతున్నారు. కనీసం 40 నిమిషాలకు తగ్గకుండా దిగాలన్న నిబంధన ఉండడంతో, బుద్ధిగా నడిపేవారు రెండో గేరులో, కాలు తీసేసి, ఇంజిన్ బ్రేకింగ్ మీదే దిగుతారు. థ్రాటిల్ మూసి ఉండి ఇంజిన్ వేగంగా తిరుగుతుంటే మానిఫోల్డ్‌లో వాక్యూమ్ అత్యధికంగా ఉంటుంది. వాల్వు కాడల చుట్టూ ఉండే రబ్బరు సీళ్లు గట్టిపడి ఉంటే, ఆ వాక్యూమ్ పైనున్న ఆయిల్‌ను కాడలు జారే గైడుల వెంట చుక్కచుక్కగా లోపలికి లాగుతుంది. దిగేటప్పుడు ఇంధనం ఆగి ఉంటుంది కాబట్టి ఆ ఆయిల్ సరిగా కాలదు, అక్కడే పేరుకుంటుంది. అలిపిరిలో మళ్లీ తొక్కగానే ఒక్క గుప్పున నీలిపొగ వస్తుంది, కాసేపటికి ఆగిపోతుంది.

ఉదయం స్టార్టు చేసినప్పుడు కూడా ఒక్కసారి నీలిపొగ వచ్చి పోతుంటే అనుమానం దాదాపు తీరినట్టే: వాల్వు సీళ్లు. అలా కాకుండా లోడు మీద, ఎక్కేటప్పుడు ఎడతెగకుండా పొగ వస్తుంటే రింగులు, సిలిండరు గోడలు. కంప్రెషన్ పరీక్ష చేయించండి. ఏదైనా సిలిండరులో తక్కువ వస్తే స్పార్క్ ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడమనండి. కొలత పెరిగితే రింగులు అరిగాయని, పెరగకపోతే వాల్వులు సరిగా కూర్చోవడం లేదని అర్థం. కొలతలన్నీ బాగుండి, దిగాక మాత్రమే పొగ వస్తుంటే మళ్లీ సీళ్ల దగ్గరికే రావాలి. చాలా ఇంజిన్లకు హెడ్డు దించకుండానే సీళ్లు మార్చే పనితనం ఉన్న మెకానిక్కులు ఉన్నారు. ముందు అడిగి చూడండి, లేకపోతే బిల్లు ఊరికే పెరుగుతుంది.

సీళ్ల దగ్గర నుంచి దిగే ఆయిల్ క్యాచ్ క్యాన్ దారికే రాదు. ఇంత పొగ వదిలే కారుకు డబ్బా బిగించి పంపే షెడ్డు మీద నాకు సదభిప్రాయం లేదు.

ఇంకొక కారణం చౌకది: పీసీవీ వాల్వు తెరుచుకున్నచోటే ఇరుక్కుపోవడం. వాక్యూమ్ ఎక్కువైనప్పుడు వాల్వు దారిని ఇరుకు చేయాలి. ఇరుక్కున్నది ఆ పని చేయక ఆయిల్‌ను తాగనిస్తుంది. సీళ్ల జోలికి వెళ్లే ముందు దీన్ని చూడడం న్యాయం.

వాల్వు కవరు అంచున, క్రాంక్ సీలు దగ్గర ఆయిల్ కారడం, డిప్‌స్టిక్ పైకి లేవడం

లోపల ఒత్తిడి పెరిగిందని ఇంజిన్ చెబుతోంది. గ్యాస్కెట్ మార్చినా మళ్లీ కారుతుంటే తప్పు గ్యాస్కెట్‌ది కాదు. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి పల్చటి కాగితం అడ్డం పెట్టండి. మెల్లగా లోపలికి అతుక్కుంటే పీసీవీ పనిచేస్తోంది. ఎగిరి పడుతుంటే దారి మూసుకుపోయింది, లేదా బ్లో-బై మితిమీరింది. ఇంజిన్ ఆపి వాల్వు విడదీసి చెవి దగ్గర ఊపితే లోపల టకటకమనాలి. అనకపోతే కొత్తది వేయించండి. విడిగా వచ్చే రకమైతే కొన్ని వందల రూపాయలతో పోతుంది. వాల్వు కవరులోనే కలిసి ఉండే రకమైతే ఖర్చు ఎక్కువ.

ఐడిలింగ్ ఊగిసలాట, సన్నని ఈల, చెక్ ఇంజిన్ లైటు

ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఊరు మనది, బానెట్ కింద ఇంకా ఎక్కువ. పీసీవీ గొట్టాలు ఆ వేడికి బిరుసెక్కి పగులుతాయి. పగులులోంచి లెక్కలోకి రాని గాలి దూరి మిశ్రమం పలచబడుతుంది, స్కానరులో తరచుగా పి0171 కోడు కనిపిస్తుంది. గొట్టాన్ని వేళ్లతో నొక్కినప్పుడు ఐడిలింగ్ కుదుటపడితే దొంగ దొరికినట్టే. బదులుగా నీళ్ల గొట్టం ముక్క వేయనివ్వకండి, ఆయిల్‌కు నానని రబ్బరే కావాలి.

ఆయిల్ మూత కింద పాలనురుగు

నవంబరు, డిసెంబరు వానల్లో ఇంటి నుంచి బజారుకు, బజారు నుంచి ఇంటికి మాత్రమే తిరిగే కార్లలో ఇది సహజం. ఇంజిన్ పూర్తిగా వేడెక్కక నీటి ఆవిరి లోపలే నిలిచిపోతుంది. చిత్తూరు దాకా ఒకసారి వెళ్లి వస్తే తగ్గాలి. తగ్గకుండా కూలెంట్ మట్టం కూడా పడిపోతుంటే హెడ్డు గ్యాస్కెట్ పరీక్ష చేయించేవరకు కారు నడపకండి.

ఎక్కేటప్పుడు ఇంజిన్ టకటక (నాకింగ్)

ఆయిల్ ఆవిరి కలిస్తే నాకింగ్ పెరుగుతుందన్నది నిజమే. కానీ టర్బో లేని కారులో మొదటి ముద్దాయి గేరు. మూడులో ఈడ్చకుండా రెండుకు దించండి. ఆ తర్వాత ప్లగ్గుల రకం, కూలింగ్, కంబషన్ చాంబరులో పేరుకున్న మసి.

ఇప్పటికే క్యాన్ ఉంది, అందులో పసుపు ద్రవం నిండుతోంది

చూసి బెదిరిపోకండి. అందులో ఎక్కువ భాగం నీళ్లు, పెట్రోలు. కాలిపోయి వెళ్లిపోవలసినవే. దాన్ని మళ్లీ ఇంజిన్‌లో పోయకూడదు, కాలువలో పారబోయకూడదు, వాడిన ఆయిల్ తీసుకునేవారికి ఇవ్వండి. నీళ్లు కాకుండా నల్లటి ఆయిలే త్వరత్వరగా నిండుతుంటే అది రింగుల కబురు.

చౌకరకం డబ్బాల్లో లోపల జాలీ ఉండదు, అవి ఖాళీ డబ్బాలే. వాటితో వచ్చే మెత్తటి గొట్టాలు వాక్యూమ్‌కు నలిగి మూసుకుపోతాయి, అప్పుడు పైన చెప్పిన వాల్వు కవరు, క్రాంక్ సీలు లీకు మొదలవుతుంది. నిండిన డబ్బాను మరచిపోతే ఒక్క గుటకలో అంతా మానిఫోల్డ్‌లోకి పోతుంది. ఎగ్జాస్టు పక్కన బిగించి ఉంటే వెంటనే చోటు మార్పించండి, అందులో ఉన్నది మండే ద్రవం. గొట్టాన్ని బయటికి వదిలేసి పైన చిన్న ఫిల్టరు పెట్టే రకం అసలే వద్దు. క్రాంక్‌కేసు ఆవిరి బయటికి పోకూడదన్నది ఉద్గార ప్రమాణాల్లో భాగం, వారంటీ ఉన్న కారైతే ఆ గొడవ వేరే.

టర్బో లేకపోయినా క్యాన్‌కు పని ఉండే సందర్భం రేసు ట్రాక్. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద నిండు ఆర్‌పీఎంలో, బలమైన మలుపుల్లో నడిపేవారికి ఆయిల్ ఒక పక్కకు ఒరిగి బ్రీదరులోకి దూరడం నిజమైన సమస్య. అటువంటివారు జాలీ, అడ్డుపలకలు ఉన్న, గాలిని తిరిగి ఇన్‌టేక్‌కే పంపే మూసిన రకం తీసుకుని, బ్రీదరు గొట్టానికి కూడా విడిగా ఒకటి పెట్టించుకోవాలి. గొట్టాలు పల్లం పడి ఆయిల్ నిలవకుండా వాలుగా రావాలి, ప్రతి ట్రాక్ రోజు ముగిశాక అడుగున ఉన్న కుళాయి తిప్పి ఖాళీ చేయాలి.